రక్తంలో ఎమైలేజ్: ఒక అంకె వెనక పనితనం

కూర కలపని ఒట్టి అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని, మింగకుండా రెండు నిమిషాలు నమిలి చూడండి. మొదట చప్పగా ఉన్న అన్నం కాసేపటికి తియ్యబడుతుంది. అందులో చక్కెర ఎవరూ వేయలేదు. అన్నంలోని పిండిపదార్థాన్ని మన లాలాజలంలోని ఎమైలేజ్ అనే ఎంజైము ముక్కలు చేస్తోంది, ఆ ముక్కలే నాలుకకు తీపిగా తగులుతున్నాయి. బళ్లో సైన్సు మాస్టారు చేయించే ఈ చిన్న ప్రయోగమే పెద్దాసుపత్రిలో జరిగే ఒక ముఖ్యమైన రక్తపరీక్షకు పునాది. అర్ధరాత్రి కడుపునొప్పితో మెలికలు తిరుగుతూ వచ్చిన మనిషికి డాక్టరు రాసే మొదటి పరీక్షల్లో అది ఒకటి.

రిపోర్టులో మన కంటికి కనిపించేది ఒక్క వరుస. 'సీరం ఎమైలేజ్' అన్న పేరు, పక్కన ఒక అంకె, ఆ పక్కన ఉండాల్సిన హద్దులు. కింది వరుసలో 'లైపేజ్' ఉంటుంది. అంకె హద్దు దాటితే బొద్దుగా అచ్చేస్తారు. ఆ బొద్దు అంకె చూడగానే గుండె జారుతుంది. ఇంటికి చేరేలోపే ఫోనులో వెతికి, క్లోమం పాడైపోయిందని, క్యాన్సరేమోనని కుంగిపోయేవాళ్లు ఎందరో.

నేత చీర విలువ తెలిసినవాళ్లు దాన్ని తిరగేసి చూస్తారు. పైకి కనిపించే బుటా కంటే వెనకవైపు దారాలే నేతగాడి పనితనాన్ని బాగా చెబుతాయి. ఈ అంకెనూ అలా తిరగేసి చూద్దాం. దీని వెనక మూడు రకాల పనితనం ఉంది. క్లోమం పనితనం, కొలిచే పద్ధతిని కనిపెట్టినవారి పనితనం, అంకెను చదివే డాక్టరు పనితనం. మూడూ తెలిస్తే అంకెంటే భయం పోయి గౌరవం కలుగుతుంది.

తాళం ఒకచోట, తాళంచెవి ఇంకోచోట

జీర్ణాశయం వెనకాల, వెన్నెముకకు అడ్డంగా, జానెడుకు కాస్త తక్కువ పొడవుతో పడుకుని ఉంటుంది క్లోమం. బరువు నూరు గ్రాములకు అటూ ఇటూ. ఇంత చిన్న గ్రంథి రోజుకు లీటరున్నర దాకా రసం తయారుచేసి చిన్నపేగు మొదటి భాగమైన ఆంత్రమూలంలోకి పంపుతుంది. ఆ రసంలోని ఎమైలేజ్ పిండిపదార్థాన్ని, లైపేజ్ కొవ్వును, ట్రిప్సిన్ వంటివి మాంసకృత్తులను ముక్కలు చేస్తాయి.

ఇక్కడే ఒక చిక్కుంది. క్లోమం తానే మాంసకృత్తులతో కట్టిన కట్టడం. మాంసాన్ని అరిగించే సరుకును ఇరవై నాలుగు గంటలూ తయారుచేస్తూ అది తనను తాను ఎందుకు అరిగించుకోదు?

జవాబు దాని ఏర్పాటులో ఉంది. ట్రిప్సిన్‌ను క్లోమం ట్రిప్సిన్‌గా తయారుచేయదు, తాళం వేసి ట్రిప్సినోజెన్‌గా తయారుచేస్తుంది. ఆ తాళంచెవి క్లోమంలో లేదు. అది పేగు గోడలో ఉంటుంది, పేరు ఎంటెరోకైనేజ్. 1899లో రష్యాలో పావ్‌లోవ్ ప్రయోగశాలలో పనిచేసిన షెపోవాల్నికోవ్ దీన్ని కనిపెట్టాడు. తాళం ఒక ఊళ్లో, తాళంచెవి ఇంకో ఊళ్లో అన్నమాట. సరుకు చేరాల్సిన చోటికి చేరాకే తాళం తెరుచుకుంటుంది. దారిలో పొరపాటున ఒకటి రెండు తాళాలు ఊడినా పట్టుకోవడానికి గ్రంథిలోనే ఒక కాపలాదారు ఉంది. స్పింక్-1 అనే చిన్న ప్రోటీన్ ట్రిప్సిన్‌ను పట్టుకుని కదలనివ్వదు.

ఎమైలేజ్, లైపేజ్‌లకు ఇలాంటి తాళం లేదు. అవి తయారవుతూనే పనికి సిద్ధంగా ఉంటాయి. అందుకే కణం వాటిని విడిగా వదలక పొట్లాలు కట్టి, రసనాళం వైపున్న అంచు దగ్గర పేర్చి, సంకేతం రాగానే ఆ వైపుకే విడుదల చేస్తుంది. కణం లోపల పుట్టిన చోటు నుంచి పొట్లం దాకా ప్రోటీన్ నడిచే దారిని జార్జ్ పలాడే గినీపంది క్లోమ కణాల్లోనే అంచెలంచెలుగా గుర్తించాడు. 1974లో నోబెల్ బహుమతి అందుకున్నవారిలో ఆయన ఒకరు.

ఎంత పకడ్బందీగా కట్టినా కొంచెం సరుకు రక్తంలోకి జారుతూనే ఉంటుంది. లాలాజల గ్రంథుల నుంచి కూడా అంతే. ఆరోగ్యవంతుడి రక్తంలో ఉండే ఎమైలేజ్‌లో సగానికి పైగా లాలాజలం రకమే, మిగతాది క్లోమానిది. రక్తంలో తిరిగే ఆ ఎమైలేజ్ ఎవరికీ హాని చేయదు. ఎక్కడో ఏదో జరిగిందని చెప్పే సాక్షి అది, అంతవరకే.

తూకం వేయలేనిదాన్ని కొలవడం

రక్తంలో ఎమైలేజ్ ఉన్న పరిమాణం చాలా కొద్ది. దాన్ని వేరుచేసి తూకం వేయడం రోజువారీ పరీక్షకు కుదిరే పని కాదు. రసాయన శాస్త్రవేత్తల తెలివి ఇక్కడే మెరిసింది. కూలీల తలలు లెక్కపెట్టలేకపోతే సాయంత్రానికి ఎంత మట్టి తవ్వారో చూసి ఎందరున్నారో చెప్పవచ్చు కదా. ఎంజైమునూ అలాగే, అది చేసిన పనిని బట్టి కొలిచారు.

పిండిని కరిగించే పదార్థం ఒకటుందని 1833లో ఫ్రాన్స్‌లో పాయెన్, పెర్సో మొలకెత్తిన బార్లీ గింజల్లో గుర్తించి దానికి డయాస్టేజ్ అని పేరు పెట్టారు. మనిషి శరీర ద్రవాల్లో దాన్ని కొలిచే సులువైన పద్ధతిని 1908లో బెర్లిన్‌లో జూలియస్ వోల్గెముత్ ప్రకటించాడు. దాన్ని కాస్త దగ్గరగా చూడాలి.

గంజిలో అయోడిన్ చుక్క వేస్తే చిక్కని నీలం వస్తుందని మనకు తెలుసు. వోల్గెముత్ గాజు గొట్టాలను వరుసగా నిలబెట్టాడు. మొదటి గొట్టంలో పరీక్షించాల్సిన ద్రవం ఎక్కువ, రెండో దానిలో అంతకంటే తక్కువ, మూడో దానిలో ఇంకా తక్కువ, ఇలా మెట్లు మెట్లుగా దించుకుంటూ పోయాడు. అన్నిట్లోనూ ఒకే కొలత పిండి ద్రావణం పోశాడు. ఒంటి వేడికి దగ్గరగా ఉన్న నీళ్ల తొట్టిలో వాటిని నిర్ణీత సమయం ఉంచి, తీసి, ఒక్కో గొట్టంలో అయోడిన్ వేశాడు. ఎమైలేజ్ ఎక్కువున్న గొట్టంలో పిండి మిగల్లేదు కనుక నీలం రాదు, అయోడిన్ పసుపు ఛాయే మిగులుతుంది. తర్వాతి గొట్టాల్లో సగం తెగిన పిండి ఎరుపు, ఆపైన ఊదా. చివరి గొట్టాల్లో పిండి చెక్కుచెదరలేదు కనుక చిక్కని నీలం. పసుపు ఆగి నీలం ఛాయ మొదలైన గొట్టం ఏదో చూస్తే ఎంజైము ఎంతుందో తెలిసిపోతుంది. ఖరీదైన పరికరం ఒక్కటీ లేదు. గంజి, అయోడిన్, గడియారం, శ్రద్ధగా చూసే రెండు కళ్లు చాలు.

అంతవరకు క్లోమానికి వచ్చే వాపును బతికున్న మనిషిలో గుర్తించడం మహా కష్టం. 1889లో బోస్టన్ డాక్టరు రెజినాల్డ్ ఫిట్జ్ ఈ జబ్బును స్పష్టంగా వర్ణించాడు. కానీ ఆ రోజుల్లో పొట్ట కోసి చూస్తేనో, చనిపోయాక శవపరీక్షలోనో తప్ప అది బయటపడేది కాదు. 1929లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో రాబర్ట్ ఎల్మన్ బృందం రక్తంలో ఎమైలేజ్ కొలత క్లోమ వ్యాధిని పట్టిస్తుందని చూపించింది. అదే ఊళ్లో పనిచేసిన మైకేల్ సోమోజీ 1938లో ఈ కొలతను ఒక దారికి తెచ్చాడు. 100 మిల్లీలీటర్ల సీరం 40 డిగ్రీల వేడిలో అరగంటలో ఎన్ని మిల్లీగ్రాముల గ్లూకోజ్‌తో సమానమైన చక్కెర పుట్టిస్తే అన్ని సోమోజీ యూనిట్లు. పాత తరం డాక్టర్లు ఇప్పటికీ ఆ పేరు గుర్తుచేసుకుంటారు.

ఇవాళ ల్యాబుల్లో వాడే ఒక పద్ధతి మరీ ముచ్చటైనది. ఏడు గ్లూకోజ్ పూసలు గుచ్చిన దండను ఊహించుకోండి. ఒక కొసకు నైట్రోఫినాల్ అనే అణువు కట్టి ఉంటుంది. దండకు కట్టి ఉన్నంతసేపు దానికి రంగు లేదు, విడిపోతే పసుపుపచ్చగా మారుతుంది. రెండో కొసకు ఒక బిరడా బిగించి ఉంటుంది. ఈ దండలున్న ద్రావణంలో సహాయకుడిగా గ్లూకోసిడేజ్ అనే ఇంకో ఎంజైము ఉంటుంది. దానికి దండను మధ్యలో తెంచడం రాదు, కొస నుంచి ఒక్కో పూసను ఊడదీయడమే వచ్చు. కానీ కొసకు బిరడా ఉంది కనుక ఊరికే కూర్చోవాలి.

ఇప్పుడు రోగి సీరం కలిపారు. అందులోని ఎమైలేజ్ దండను మధ్యలో పుటుక్కున తెంచింది. తెగిన చోట బిరడా లేని కొత్త కొస బయటపడింది. అదను కోసం చూస్తున్న సహాయకుడు అక్కడినుంచి పూసలన్నీ ఊడదీసుకుంటూ పోయి చివరికి నైట్రోఫినాల్‌ను విడిపించాడు. ద్రావణం పసుపెక్కింది. యంత్రం 405 నానోమీటర్ల కాంతిని దాని గుండా పంపి ఆ పసుపు నిమిషానికి ఎంత చొప్పున చిక్కబడుతోందో చూస్తుంది. నిమిషానికి ఒక మైక్రోమోల్ పని జరిగితే ఒక యూనిట్. రిపోర్టులో లీటరుకు ఇన్ని యూనిట్లు అని ఉండేది ఇదే. ఎమైలేజ్ కదిలితే తప్ప ఎవరూ కదలకుండా కట్టిన ఈ బిరడా ఆలోచన ఎంత నాజూకైనదో చూడండి. క్లోమం ట్రిప్సిన్‌కు తాళం వేసిన తీరును మనిషి గాజు గొట్టంలో మళ్లీ కట్టాడనిపిస్తుంది.

ఈ పనితనం రక్తం తీసే చేతితోనే మొదలవుతుంది. ఎమైలేజ్ పనిచేయాలంటే కాల్షియం కావాలి. ఊదా మూత గొట్టంలో ఉండే ఇ.డి.టి.ఎ. రక్తం గడ్డకట్టకుండా కాల్షియాన్ని పట్టేస్తుంది. రక్తకణాల లెక్కకు అది చక్కగా పనికొస్తుంది కానీ ఎమైలేజ్‌కు అదే గొట్టం వాడితే అంకె అబద్ధంగా తగ్గిపోతుంది. ఇంకో ప్రమాదం లాలాజలం. అందులో ఎమైలేజ్ రక్తంలో కంటే వందల రెట్లు ఎక్కువ, ఒక్క తుంపర పడినా లెక్క తలకిందులవుతుంది. ఏ పరీక్షకు ఏ మూత గొట్టమో తడబడకుండా ఎంచుకునే టెక్నీషియన్ పేరు రిపోర్టు మీద మనం ఎప్పుడూ చదవం. కానీ అంకె మీద మన నమ్మకం అతని చేతి శుభ్రత మీదే నిలబడి ఉంది.

చెరువులో నీటిమట్టం

ఇక చదవడం. రక్తంలో ఎమైలేజ్‌ను చెరువులో నీటిమట్టంగా అనుకోండి. మట్టం పెరిగిందంటే కారణాలు రెండే. వరద ఎక్కువైనా అయి ఉండాలి, తూము మూసుకుపోయి అయినా ఉండాలి. మంచి డాక్టరు అంకె చూడగానే ముందు ఏ వాగు పొంగింది, ఏ తూము పూడింది అని వెతుకుతాడు.

మొదటి వాగు క్లోమం. అది హఠాత్తుగా వాస్తే పొట్లాల్లోని సరుకు ఎటుపడితే అటు చిందుతుంది. పిత్తాశయంలోంచి జారిన చిన్న రాయి క్లోమనాళం, పైత్యనాళం కలిసే చోట ఇరుక్కోవడం ఒక పెద్ద కారణం, ఏళ్ల తరబడి మితిమీరి తాగడం ఇంకొకటి. ఎమైలేజ్‌తోపాటు కాలేయ పరీక్షల్లో ఎ.ఎల్.టి. కూడా మూడు రెట్లు దాటి ఉంటే అనుభవజ్ఞుడైన డాక్టరు చూపు వెంటనే పిత్తాశయ రాళ్ల మీదికి పోతుంది. రక్తంలో కొవ్వు, అంటే ట్రైగ్లిజరైడ్లు వెయ్యి దాటడం, కాల్షియం పెరగడం, అజాథయోప్రిన్, సోడియం వాల్‌ప్రోయేట్ వంటి మందులు కూడా క్లోమానికి వాపు తెస్తాయి. పైత్యనాళంలోకి ఎండోస్కోపీ గొట్టం పంపి చికిత్స చేశాక కొందరిలో అంకె పెరుగుతుంది. మార్ఫిన్ జాతి నొప్పి మందులు నాళం చివరి కండరాన్ని బిగించి రసాన్ని వెనక్కి తంతాయి. 1887లో ఇటలీలో ఇంకా వైద్య విద్యార్థిగా ఉన్న రుగ్గెరో ఓడీ వర్ణించిన కండరం అది, అతని పేరే దానికి నిలిచింది.

వెస్టిండీస్‌లోని ట్రినిడాడ్ దీవిలో నల్లతేలు కుట్టినా క్లోమం వాస్తుంది. అక్కడి డాక్టరు కోర్ట్నీ బార్తొలోమ్యూ 1970లో దాన్ని వివరంగా ప్రకటించాడు. మన పల్లెలకు దగ్గరైన కారణం పురుగుమందు. ఆర్గనోఫాస్ఫేట్ జాతి మందు ఒంట్లోకి పోతే నరాల సంకేతాన్ని ఆపే ఎంజైము పనిచేయడం మానేస్తుంది. ఆపే దిక్కులేక ఆ సంకేతం గ్రంథులను తరుముతూనే ఉంటుంది. నోట్లో లాలాజలం ఊరిపోతుంది, క్లోమం కూడా అదే పనిగా రసం ఊరుస్తుంది. పత్తి, మిరప పండే జిల్లాల ఆసుపత్రుల్లో అలాంటి రోగికి ఎమైలేజ్ పెరిగిందంటే డాక్టరు లాలాజల గ్రంథులనూ క్లోమాన్నీ రెంటినీ లెక్కలోకి తీసుకోవాలి.

రెండో వాగు లాలాజల గ్రంథులు. గవదబిళ్లలు వచ్చిన పిల్లాడికి చెంపలు వాచి ఎమైలేజ్ ఎక్కువుంటుంది, లైపేజ్ మామూలుగా ఉంటుంది. పదేపదే వాంతులు చేసుకునేవారిలోనూ ఇదే తీరు. క్లోమానిదో లాలాజలానిదో తేల్చడానికి ల్యాబువారు ఇంకో నేర్పు చూపారు. లాలాజల రకాన్ని మాత్రమే పట్టి పనిచేయనీయని యాంటీబాడీలను కలిపి, మిగిలినదాన్ని కొలుస్తారు. ఆ మిగిలింది క్లోమానిదే.

మూడోవి చిన్నచిన్న పిల్లకాలువలు. ఆంత్రమూలంలో పుండు చిల్లుపడితే రసం పొట్టలోకి కారి అక్కణ్నుంచి రక్తంలో కలుస్తుంది. పేగు మెలిపడినా, పేగుకు రక్తం అందకపోయినా అంతే. అండవాహికలోనూ ఎమైలేజ్ ఉంటుంది. గర్భం అక్కడ నిలిచి వాహిక చిట్లినప్పుడు అంకె పెరుగుతుంది. కడుపునొప్పితో వచ్చిన ఆడపిల్లకు ఎమైలేజ్ ఎక్కువుందని క్లోమం వైద్యం మొదలుపెట్టి గర్భపరీక్ష మరిచిన డాక్టరు ఒక ప్రాణాన్ని పోగొట్టవచ్చు. కొన్ని అండాశయ, ఊపిరితిత్తుల కణితులు కూడా లాలాజల రకం ఎమైలేజ్ తయారుచేస్తాయి. షుగరు అదుపు తప్పి కీటోన్లు పేరుకున్న స్థితిలోనూ అంకె పెరగవచ్చు.

తూము మూసుకున్నప్పుడు

ఎమైలేజ్ బయటికి పోయే తూముల్లో మూత్రపిండాలు ఒకటి. అవి దెబ్బతిన్నవారిలో క్లోమం నిక్షేపంగా ఉన్నా ఎమైలేజ్, లైపేజ్ రెండూ పెరిగి కనిపిస్తాయి. ఆ పెరుగుదల సాధారణంగా మూడు రెట్లకు లోపే ఉంటుంది. అందుకే మూత్రపిండాల పనితీరును చెప్పే క్రియాటినిన్ చూడకుండా ఎమైలేజ్ చదవకూడదు.

తూముకు సంబంధించి మరో కథ ఉంది, ఈ విద్యలో నాకు అన్నిటికంటే నచ్చినది అదే. కొందరి రక్తంలో ఎమైలేజ్‌ను ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే పెద్ద ప్రోటీన్ అంటిపెట్టుకుంటుంది. రెండూ కలిసి ఎంత పెద్దవవుతాయంటే మూత్రపిండాల జల్లెడలోంచి దూరలేవు. కొత్తగా పెద్ద వరదేమీ లేకున్నా మట్టం పెరుగుతూ పోతుంది. 1964లో దీన్ని గుర్తించారు, 1967లో మాక్రోఎమైలేజీమియా అనే పేరు వచ్చింది. అంకె ఎక్కువగా ఉండటం తప్ప ఆ మనిషికి క్లోమ జబ్బేమీ లేదు. సంగతి తెలియకపోతే మాత్రం స్కానుల మీద స్కానులు, ఎండోస్కోపీలు, నెలల తరబడి నిద్రపట్టని రాత్రులు.

దీన్ని పట్టే లెక్క కాగితం మీద చేయగలిగేంత చిన్నది. రక్తంలో, మూత్రంలో ఎమైలేజ్‌నూ క్రియాటినిన్‌నూ ఒకే సమయంలో కొలుస్తారు. మూత్ర ఎమైలేజ్‌ను రక్త క్రియాటినిన్‌తో గుణించి, ఆ వచ్చినదాన్ని రక్త ఎమైలేజ్, మూత్ర క్రియాటినిన్‌ల గుణకారంతో భాగించి శాతం కడతారు. ఒక ఉదాహరణ అనుకుందాం. మామూలు మనిషికి రక్త ఎమైలేజ్ 80, మూత్రంలో 240, రక్త క్రియాటినిన్ 0.9, మూత్రంలో 90. లెక్క కడితే 3 శాతం వస్తుంది, సాధారణ హద్దులోనే ఉంది. ఇంకొకరికి రక్త ఎమైలేజ్ 420, మూత్రంలో 60 మాత్రమే, క్రియాటినిన్లు అవే. ఈసారి వచ్చేది 0.14 శాతం. రక్తంలో అయిదింతలున్నది మూత్రంలో నాలుగో వంతే కనిపిస్తోంది. ఒక శాతానికి లోపు పడిందంటే తూము దగ్గర ఏదో అడ్డుపడిందని అర్థం.

ఖాయం చేసుకోవడానికి సీరానికి సమానంగా పాలీఇథిలీన్ గ్లైకాల్ ద్రావణం కలుపుతారు. అది పెద్ద ప్రోటీన్లను అడుగుకు దించుతుంది. గొట్టాన్ని గిర్రున తిప్పి పైన తేరిన ద్రవంలో ఎమైలేజ్‌ను మళ్లీ కొలుస్తారు. చాలావరకు అడుక్కి పోయి ఉంటే అది జతకట్టిన ఎమైలేజే. ఒక మనిషి నెలల బెంగ ఆ గొట్టం అడుగున తెల్లటి మడ్డిగా దిగిపోతుంది.

అంకె మౌనంగా ఉన్నప్పుడు

తక్కువ అంకె కూడా తప్పుదారి పట్టిస్తుంది. ట్రైగ్లిజరైడ్లు బాగా పెరిగినవారి సీరం గొట్టంలో తేటగా ఉండదు, పాలలాగా తెల్లగా ఉంటుంది. అలాంటి సీరంలో ఎమైలేజ్ పని మందగించి అంకె మామూలుగా వస్తుంది, క్లోమం మాత్రం లోపల మండుతూ ఉంటుంది. ఆ తెల్లదనాన్ని గమనించిన టెక్నీషియన్ సీరాన్ని పలచన చేసి మళ్లీ కొలిస్తే అసలు అంకె బయటికి వస్తుంది. యంత్రం ఇచ్చిన అంకెకు ముందు గొట్టం రంగు చూసిన కన్ను ఇక్కడ ప్రాణం కాపాడుతుంది.

కాలం కూడా చూడాలి. ఎమైలేజ్ నొప్పి మొదలైన కొన్ని గంటల్లో పెరిగి మూడు నుంచి అయిదు రోజుల్లో దిగిపోతుంది. లైపేజ్ ఎనిమిది నుంచి పద్నాలుగు రోజుల దాకా నిలుస్తుంది. ఊళ్లో నాలుగు రోజులు సోడా తాగి, గ్యాసు మాత్రలు మింగి అయిదో రోజు పట్నం వచ్చిన మనిషికి ఎమైలేజ్ మామూలుగా, లైపేజ్ ఎక్కువగా ఉంటే ఆ తేడాలోనే జబ్బు మొదలైన తేదీ రాసి ఉంటుంది. ఎక్కువ రోజులు నిలుస్తుంది, క్లోమానికి మరింత ప్రత్యేకం కనుక ఇవాళ చాలామంది లైపేజ్‌కే మొగ్గు చూపుతున్నారు. షుగరుకు వాడే సిటాగ్లిప్టిన్, లిరాగ్లూటైడ్ వంటి మందులతో లైపేజ్ కొంచెం పెరగడం మామూలేనని కూడా గుర్తుంచుకోవాలి.

ఏళ్ల తరబడి నలిగిన క్లోమంలో చిందడానికి సరుకే మిగలదు. అలాంటివారిలో జబ్బు ముదిరినా అంకె పెరగదు. మద్యం ముట్టని యువకుల్లో క్లోమంలో రాళ్లు కట్టి, తర్వాత షుగరు తెచ్చే ఒక రకం వ్యాధి మన దేశంలో ఉంది. కేరళలో డాక్టరు గీవర్గీస్ దాన్ని విరివిగా అధ్యయనం చేశారు. 2002లో హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో గిరిరాజ్ చందక్ బృందం, డాక్టరు డి. నాగేశ్వర్‌రెడ్డి తదితరులతో కలిసి, ఈ రోగుల్లో స్పింక్-1 జన్యువులో మార్పులు గణనీయంగా ఉన్నాయని తేల్చింది. క్లోమంలో కాపలాదారు అని ముందు చెప్పుకున్నది ఆ స్పింక్-1నే. కాపలాదారు బలహీనపడితే ఇంటికి ఏమవుతుందో మన ఊళ్లోనే రుజువైంది.

పెద్ద అంకె అంటే పెద్ద జబ్బా?

కాదు. తీవ్రతకూ అంకె పరిమాణానికీ పొంతన లేదు. పదిరెట్లు పెరిగినవాడు మూడో రోజు ఇంటికి నడిచి వెళ్లవచ్చు, నాలుగు రెట్లే పెరిగినవాడు ఐసీయూలో చేరవచ్చు. 1974లో న్యూయార్క్ సర్జన్ జాన్ రాన్సన్ జబ్బు తీవ్రతను అంచనా కట్టడానికి పదకొండు గుర్తులు ఎంచాడు. వయసు, తెల్లరక్తకణాలు, రక్తంలో చక్కెర, కాల్షియం, ఆక్సిజన్ వంటివన్నీ అందులో ఉన్నాయి. ఎమైలేజ్ లేదు. కాల్షియం ఎందుకుందంటే, చిందిన లైపేజ్ చుట్టుపక్కల కొవ్వును విరగ్గొడుతుంది, ఆ కొవ్వు ఆమ్లాలు కాల్షియాన్ని పట్టి పొట్టలోనే సబ్బులా గడ్డకడతాయి. రక్తంలో కాల్షియం పడిపోయిందంటే లోపల ఎంత కొవ్వు కాలిందో తెలుస్తుంది.

ఇవాళ ప్రపంచమంతా పాటించే అట్లాంటా నిర్వచనం, 2012లో సవరించినది, ఎంతో పొదుపైనది. పైకడుపులో వీపుకు పాకే తీవ్రమైన నొప్పి, హద్దుకు కనీసం మూడు రెట్లున్న ఎమైలేజ్ లేదా లైపేజ్, స్కానులో కనిపించే వాపు. ఈ మూడింటిలో రెండుంటే క్లోమ వాపు అంటారు. రెట్లలో చెప్పడంలోనూ ఆలోచన ఉంది. ఒక్కో ల్యాబు పద్ధతి వేరు, హద్దులు వేరు. ఒకచోట 100, ఇంకోచోట 180 హద్దు కావచ్చు. ఉత్త అంకెలు పోల్చితే తప్పవుతుంది, రెట్లు పోల్చితే కుదురుతుంది.

అన్నీ వెతికి, స్కానులు చేసి, ఏమీ దొరకనివాళ్లూ ఉంటారు. 1996లో ఇటలీలోని బొలోన్యాకు చెందిన లూచో గుల్లో అలాంటి ఆరోగ్యవంతులను వర్ణించాడు. వాళ్ల ఎంజైములు ఏళ్లపాటు ఎక్కువగానే ఉంటాయి, ఒకరోజు దిగి మరోరోజు ఎక్కుతాయి, క్లోమం మాత్రం నిక్షేపంగా ఉంటుంది. కనీసం ఏడాది గమనించాకే ఆ మాట చెప్పాలి. తొందరపడి జబ్బు అంటగట్టకపోవడం కూడా వైద్యంలో పెద్ద నేర్పే.

కాబట్టి ఈ అంకె మీ రిపోర్టులో బొద్దుగా కనిపిస్తే కొన్ని పనులు చేయండి. పైకడుపులో తగ్గని నొప్పి, వాంతులు, జ్వరం ఉంటే ఏ ఆలోచనా పెట్టుకోకుండా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లండి. నొప్పేమీ లేకుండా, ఏదో హెల్త్ చెకప్‌లో బయటపడితే, పాత రిపోర్టులన్నీ ఒక కవరులో పెట్టుకుని నిదానంగా డాక్టరు దగ్గరికి వెళ్లండి. వాడే ప్రతి మందు పేరూ చెప్పండి, మద్యం అలవాటుంటే దాచకుండా చెప్పండి. ఎమైలేజ్ ఒక్కటే పెరిగిందా, లైపేజ్ కూడానా, హద్దుకు ఎన్ని రెట్లు, క్రియాటినిన్ ఎంత అని అడగండి. అంకెను పక్కన పెట్టి ముందు మీ పొట్ట మీద చెయ్యి వేసి చూసిన డాక్టరు దొరికితే ఆయన్ని వదులుకోకండి.